శ్వేతరక్తము: సిన్ సిటీ చలనచిత్ర విమర్శనము

నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున భరతముని రసములకు వర్ణములు నిర్ణయించెను. రౌద్రము రక్తవర్ణము, హాస్యము శ్వేతము, భయానకము కృష్ణము, అద్భుతము పీతము. ఈ నిర్దేశము కల్పనామాత్ర మని తలంచువారు 2005వ సంవత్సరమున వెలువడిన సిన్ సిటీ యను నమెరికా దేశపు చలనచిత్రమును జూడవలెను. అందు మనుష్యుల దేహములనుండి స్రవించు నెత్తురు పెక్కుచోట్ల తెల్లగా నుండును. ఒక దుర్మార్గుని నెత్తురు పసుపుపచ్చ. చుట్టును చీకటి.

దీనికి మూలము ఫ్రాంక్ మిల్లర్ 1991 మొదలుకొని వ్రాసి, గీసి, ప్రకటించిన బొమ్మల నవలలు. వానినుండి మూడు పెద్దకథలను, మొదట నొక చిన్నకథను గైకొని రాబర్ట్ రోడ్రిగ్వెజ్ చిత్రము దీసెను. మిల్లర్ పేరును సహదర్శకునిగా జేర్చుటకు దర్శకుల సంఘము సమ్మతింపకపోగా, ఆ సంఘసభ్యత్వమునే యాతడు విడిచిపెట్టెను. నటులను పచ్చని తెరయెదుట నిలిపి, వీధులను మేడలను దరువాత కంప్యూటరుచే గల్పించి, పుటలోని బొమ్మ యెట్లున్నదో తెరపై నట్లే నిలిపినారు. మూలమున కింత విధేయత మన యనువాదకులలో నరుదు.

బొమ్మకు కథ జేర్చుట మన ప్రాంతమునకు గ్రొత్త గాదు. మునుపు వరంగల్లు జిల్లాలో నుండి యిప్పుడు సిద్దిపేట జిల్లాలో జేరిన చేర్యాల నకాశీవారి పటములను విప్పి, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణము జెప్పుదురు. పటమునకు నేలరంగు ఎఱుపు. (మిరపకాయల రాసులు పోయు మా యెనుమాముల బజారున ఎఱుపు బల మెట్టిదో యెవరికిని వివరింప నక్కఱలేదు.) నామము సత్త్వప్రధానము, ఆఖ్యాతము భావప్రధానము అని యాస్కుని మతము. పటమందలి బొమ్మ నామము. కథకుని గొంతు ఆఖ్యాతము. చంపెను, ఏడ్చెను అను క్రియలు ప్రథమపురుషమున నుండుటచే, చంపినవాడును జచ్చినవాడును శ్రోతకు సమానదూరమున నుందురు. సిన్ సిటీలో గొంతు చంపువానిదే. మార్వ్, డ్వైట్, హార్టిగన్ ముగ్గురును ఉత్తమపురుషమున మాటలాడుదురు. చచ్చువానికి క్రియ లేదు. బొమ్మ మాత్రమే మిగులును.

కెవిన్ అను నరభక్షకుడు మార్వ్ చేత జిక్కి చిత్రహింస పాలగునప్పుడు నోరు మెదపడు, చిరునవ్వు చెదరదు. స్వేద కంప వైవర్ణ్యాదులగు సాత్త్వికభావములు లేనిచోట బాధ యున్నట్లు ప్రేక్షకున కెట్లు తెలియును? పీతరక్తుని జూచి మనము భయపడము, వింతపడుదుము. జాకీ బాయ్ శవము కారులో గూర్చుండి మాటలాడు ఘట్టము నవ్వించుటకే కల్పితము. ఎఱుపు తొలగి తెలుపు వచ్చినచోట రౌద్రము హాస్యమున బడినది.

నెత్తుటితో హాస్యము మనకు నిషిద్ధ మని యనరాదు. భట్టనారాయణుడు వేణీసంహార తృతీయాంకారంభమున రుధిరప్రియుడు, వసాగంధ యను రాక్షసదంపతులను బ్రవేశపెట్టి, రణభూమిలోని నెత్తురును వంటయింటి సంభారమువలె వారిచే ముచ్చటింపజేసెను. నవ్వు వచ్చును, వెంటనే యొడలు జలదరించును. ఆ ముచ్చట రాక్షసులది, మనది కాదని యెఱుగుదుము గనుక. దుశ్శాసనవధను రంగమున జూపక నేపథ్యమున నుంచుటయు నిట్టి వివేకమే. సిన్ సిటీ మనలనే యా దంపతుల పీటపై గూర్చుండబెట్టును. తెల్లని నెత్తురు చేతి కంటినట్లు తోచదు. గోడకు బిగించిన స్త్రీల శిరస్సులు సైతము కూర్పుచక్కదనముచే గన్నుల కింపగును. హింస యధిక మని మా యాక్షేపణ గాదు. తిక్కన సౌప్తికపర్వమున నిద్రించువారి వధ దీనికంటె దక్కువ ఘోరమా? ఇందలి హింస మిక్కిలి శుభ్రముగా నున్నది. అదియే దోషము.

హార్టిగన్ కథ యొక్కటి చాలవఱకు దీనినుండి తప్పించుకొన్నది. వయసు మీఱిన యా పోలీసు పదునొకండేండ్ల నాన్సీని గాపాడి, చేయని నేరమునకు ఎనిమిదేండ్లు చెఱనుండి, తుదకామె క్షేమమునకై తన ప్రాణము దానే తీసికొనును. అతనిదియు నుత్తమపురుషమే, అయినను దన చావును దానే చెప్పుకొనుచున్నాడు. హంతయు హతుడును నొక్కడే యగుటచే, చచ్చువానికి నొక క్రియ దొరకినది. అక్కడ నెత్తురే రంగున నుండెనో చూచినవానికి జ్ఞప్తి యుండదు.