కాలు ఎత్తిన చోట: స్టాండర్డ్ హెరాల్డ్, టియాగో ఈవీ

హెరాల్డ్‌నీ టియాగో ఈవీనీ ఒకే తక్కెడలో పెట్టకూడదంటారు మా ఖరగ్‌పూర్‌లో నా ఈడు కారు పిచ్చివాళ్లు. ఒకటి 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేసిన రెండు తలుపుల పెట్రోలు కారు. రెండోది 2022లో టాటాలు విడుదల చేసిన చిన్న కరెంటు కారు. తరం వేరు, ధర వేరు, పని వేరు. అయినా నేను రెంటినీ పక్కపక్కనే పెట్టి చూడదలచుకున్నాను. స్పోర్ట్స్ కారును ప్రేమించినవాడు అరవై దాటాక కరెంటు కారెక్కితే ఏం పోగొట్టుకుంటాడు, ఏం సంపాదించుకుంటాడు అన్నది హార్స్‌పవర్ పట్టికల్లో దొరకదు. నడిపేవాడి చేతిలోనూ కాలిలోనూ వెతకాలి. ఆ వెతుకులాట మా రైల్వే ఊళ్లో ఇంజన్ డ్రైవర్లు ఎప్పుడో పూర్తిచేశారు కూడా.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారేనా? పేరుకు కాదు. కానీ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పేరున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ఈ హెరాల్డ్ చాసిస్‌ను పొట్టి చేసే కట్టారు. రెంటికీ రూపం దిద్దినవాడు ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. అంబాసడర్, ఫియట్ తప్ప రోడ్డు మీద పెద్దగా ఏమీ కనబడని రోజుల్లో, స్పోర్ట్స్ కారుతో రక్తసంబంధం ఉన్న బండి మామూలు ఉద్యోగి కలలోకి వచ్చిందంటే అది ఈ హెరాల్డే. 948 సీసీ ఇంజను, నలభై లోపు హార్స్‌పవర్. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే అరనిమిషమైనా కావాలి. పవర్ స్టీరింగ్ లేదు, ఆ అవసరమూ లేదు. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు రోడ్డు మీది ప్రతి గతుకునూ అరచేతికి చెప్పేది. బండి మొత్తం తిరగడానికి పాతిక అడుగుల వెడల్పు చాలు కాబట్టి గోల్ బజారు సందుల్లో సైకిల్ రిక్షాలా తిరిగేది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కదులుతున్న బండిని ఆ గేరులోకి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, ఇంజను గొంతు విని దించాలి. అది కుదిరిన రోజు ఎవరూ చూడకపోయినా మనసుకు గర్వంగా ఉండేది.

అయితే హెరాల్డ్‌లో అసలు పరీక్ష మలుపులో వచ్చేది. దాని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. మలుపులో వేగంగా పోతూ భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు ఎత్తారనుకోండి. బరువు ముందుకు పడి వెనక భాగం పైకి లేస్తుంది, బయటివైపు వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది, రోడ్డు మీద పట్టు పోతుంది, బండి తోక తిప్పేస్తుంది. అందుకే హెరాల్డ్ తెలిసినవాడు వేగం తగ్గించే పనంతా మలుపుకు ముందే ముగించి, మలుపు లోపల కాలును నిలకడగా ఉంచి, బయటికి వస్తూ మెల్లగా నొక్కుతాడు. లోధాశూలి సాల అడవిలో పశ్చిమానికి పోయే రోడ్డు మీద నేను ఈ పాఠం నేర్చుకున్నాను. బండి నడపడమంటే ముందుచూపేనని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

ఇక టియాగో ఈవీ. పెద్ద బ్యాటరీ రకంలో 24 కిలోవాట్ అవర్లు, మోటారు 55 కిలోవాట్లు, అంటే దాదాపు 75 హార్స్‌పవర్. నిలబడ్డ చోటు నుంచి అరవై కిలోమీటర్ల వేగానికి 5.7 సెకన్లని కంపెనీ లెక్క. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. నొక్కిన మరుక్షణమే లాగుతుంది. హెరాల్డ్ లాంటి బండ్లతో పెరిగిన కాలికి ఇది మొదట ఆశ్చర్యం, తర్వాత విసుగు. ఏమీ చెయ్యకుండానే దొరికిన వేగం మీద మమకారం పుట్టదు. చాలామంది పాతకాలం వాళ్లు ఇక్కడే ఆగిపోయి, కరెంటు కారులో ప్రాణం లేదని తీర్పు చెప్పేస్తారు. వాళ్లు చూస్తున్నది కాలు నొక్కడం. చూడాల్సింది కాలు ఎత్తడం.

టియాగోలో రీజెన్, అంటే రీజెనరేటివ్ బ్రేకింగ్, బలాన్ని సున్నా నుంచి మూడు దాకా పెట్టుకోవచ్చు. కాలు ఎత్తగానే మోటారే జనరేటరుగా మారుతుంది. బండి వేగాన్ని తిరిగి కరెంటుగా మలిచి బ్యాటరీకి పంపుతుంది. మూడులో పెట్టి మలంచా రోడ్డు మీద సాయంత్రం రద్దీలో నడిపితే బ్రేకు పెడల్ అవసరం చాలా తక్కువ. ముందు ఆటో ఎప్పుడు ఆగుతుందో, గేటు దగ్గర సైకిళ్లు ఎప్పుడు అడ్డం వస్తాయో ముందే ఊహించి, కాలును కొంచెం కొంచెంగా ఎత్తుతూ, బండి సరిగ్గా ఆగాల్సిన చోటికి చేరేలా చూసుకోవాలి. ఊహ తప్పితే బ్రేకు నొక్కక తప్పదు. గట్టిగా నొక్కిన ప్రతిసారీ కొంత శక్తి బ్రేకుల్లో వేడిగా పోతుంది. హెరాల్డ్ మలుపుకు ముందు నేర్పిన చదువే ఇది. అక్కడ పొరపాటుకు శిక్ష గుంటలో పడడం, ఇక్కడ శిక్ష బ్యాటరీ శాతం తగ్గడం. తప్పు ఖరీదు తగ్గిందే గాని కావాల్సిన నేర్పు అదే. ఇంకో సూక్ష్మం ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కరెంటు కార్లలో రీజెన్ బలంగా పట్టదు, తిరిగొచ్చిన కరెంటును పెట్టుకునే చోటు ఉండదు గనక. పొద్దున్నే ఇంటి నుంచి బయలుదేరిన బండికీ మధ్యాహ్నపు బండికీ కాలు కింద తేడా తెలుస్తుంది. చలికి మొరాయించే కార్బురేటర్ స్వభావాన్ని తెలుసుకున్నవాడికి ఈ స్వభావాన్ని తెలుసుకోవడం కష్టం కాదు.

ఈ మాట నేను సొంతంగా కనిపెట్టలేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మేన్‌గా చేరి, కరెంటు ఇంజన్ల మీద లోకో పైలట్‌గా రిటైరయ్యారు. శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఆవిరి వదిలినప్పుడు బెంగ పెట్టుకోలేదా మావయ్యా అని అడిగితే ఆయన అన్నది ఇది: "బొగ్గు మీద బెంగెందుకురా అల్లుడూ, ఒళ్లు కాలిపోయేది. బెంగల్లా చేతికి పని తగ్గిందనే. మూడు ఫేజుల ఇంజను వచ్చాక ఆ పని మళ్లీ దొరికింది."

ఆయన మాటలో ఉన్న వివరం విప్పి చెబుతాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1929 ప్రాంతంలో మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ నుంచి ఎన్ తరగతి గారట్ ఇంజన్లను తెప్పించింది. బాయిలర్ మధ్యలో, అటొక ఇంజను ఇటొక ఇంజను, మొత్తం పదహారు తోలుడు చక్రాలు. ఇండియాలో నడిచిన అతి పెద్ద ఆవిరి ఇంజన్లలో అదొకటి. వాటిలో 811 నంబరు దాన్ని మా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనే మళ్లీ నడిచే స్థితికి తెచ్చారు. ఆవిరి డ్రైవరు నేర్పంతా శక్తిని పుట్టించడంలో, పొదుపుగా వాడడంలో ఉండేది. నిప్పు, నీళ్లు, రెగ్యులేటరు, కట్ ఆఫ్, అన్నీ కలిసి రావాలి. ఆపడం మాత్రం మొరటు పనే. వాక్యూమ్ బ్రేకు వేస్తే ఇనుప దిమ్మలు చక్రాల మీద రుద్దుకుని, అంత కష్టపడి పుట్టించిన శక్తంతా వేడి కింద, దుమ్ము కింద పోయేది. 1959-60లో మా ఆగ్నేయ రైల్వేలోనే, రాజ్‌ఖర్సావాన్, డాంగోయాపోసి మధ్య, దేశంలో మొదటిసారి 25 కిలోవోల్టుల ఏసీ కరెంటు మీద బండ్లు నడవడం మొదలైంది. ఆ తరం ఇంజన్లలో డ్రైవరు పనల్లా నాచ్‌లు ఎక్కించడం, దించడం. శక్తి తీగలోంచి సిద్ధంగా వచ్చేది. మావయ్య బెంగ ఆనాటిది.

డబ్ల్యూఏపీ 7 లాంటి మూడు ఫేజుల ఇంజన్లలో ఒకే పిడి ఉంటుంది. ఒకవైపు తోస్తే లాగుడు బలం, ఇంకోవైపు తోస్తే బ్రేకు బలం. దాన్ని టీఈ బీఈ హ్యాండిల్ అంటారు. బ్రేకువైపు తోసినప్పుడు మోటార్లు జనరేటర్లయి కరెంటును పైతీగకు తిరిగి ఇస్తాయి. దాన్ని అదే లైను మీద ఇంకో బండి వాడుకుంటుంది. ఇరవైకి పైగా బోగీల బండిని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద, 1,072 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫాం మీద, ప్రయాణికులు తూలిపడకుండా, వీలైనంత మేర ఆ పిడితోనే వేగం తగ్గించి నిలబెట్టడం గొప్ప విద్య. టియాగోలో నా కాలు కింద ఉన్నది ఆ పిడికి చిన్న తమ్ముడే. ఒక తేడా నాకు బాధ కలిగిస్తుంది. రైలు తిరిగిచ్చిన కరెంటు పక్కవాడికి పనికొస్తుంది, కారు తిరిగిచ్చింది నా బ్యాటరీకే.

పోటీల్లోనూ ఇదే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల పందెం జరిగినప్పుడు చాలామంది మోత లేదని పెదవి విరిచారు. ఆ పందెం కారుకు వెనక చక్రాల మీద మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. అక్కడ ఆపే పనిని మోటారే మోస్తుంది. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో వెనకే తరుముతున్న నిక్ కాసిడీకన్నా తక్కువ శక్తి మిగిలింది. అయినా దారి ఇవ్వకుండా కాపాడుకుని వెర్నే గెలిచాడు. ఎక్కడ కాలు ఎత్తాలో తెలిసినవాడి గెలుపు అది. వేగం కోసమే పందెం చూసేవాళ్లకు ఇది అందలేదు గాని, హెరాల్డ్ నడిపినవాళ్లకు అంది తీరాలి.

చెవి సంగతి కూడా చెప్పాలి. హెరాల్డ్‌లో శబ్దం అలంకారం కాదు, సమాచారం. ట్యాపెట్ల టకటక, ఇగ్నిషన్ ముందుకు జరిగితే వచ్చే నాకింగ్, నాలుగో గేరులో ఇంజను పడే ఆయాసం, వీటితోనే బండి ఆరోగ్యం తెలిసేది. కరెంటు కారులో ఆ సమాచారం టైర్ల హోరులోకీ తెర మీది అంకెల్లోకీ మారింది. ఇది నిజమైన నష్టం. అంకెను చూడాలి, చూపు రోడ్డు మీంచి తిప్పాలి. చెవికి ఆ అవసరం ఉండేది కాదు. కానీ దీనికి మందుగా కొందరు చేస్తున్నది నాకు నచ్చదు. హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్‌లో లేని గేర్లను ఉన్నట్టు కుదుపులు పుట్టించి, స్పీకర్లలో ఇంజను మోత వినిపిస్తారు. డబ్ల్యూఏపీ 7లో ఎవరూ ఆవిరి చప్పుడు రికార్డు పెట్టలేదు. మొదటి మూడు ఫేజుల ఇంజన్లు కదిలేటప్పుడు కన్వర్టర్లు మెట్లు మెట్లుగా సన్నగా పాడేవి, స్టేషను పక్క క్వార్టర్లలో పిల్లలు దానితోనే బండిని గుర్తుపట్టేవారు. కరెంటు కారుకూ దాని సొంత గొంతు రావాలి, అరువు గొంతు వద్దు.

హెరాల్డ్ నిస్సందేహంగా గెలిచేది బానెట్ దగ్గర. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు తెరుచుకుంటుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజనుకు రెండువైపులా చెయ్యి పెట్టవచ్చు. వర్క్‌షాపులో లేత్ మీద, ఫిట్టింగులో పనిచేసిన మనుషులుండే ఊళ్లో ఇది చాలా పెద్ద విషయం. ఆదివారం పూట నలుగురు చేరి కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి, బిగించేవాళ్లం. ఎవరి ఇంట్లోంచో టీ వచ్చేది. టియాగో లోపల నారింజ రంగు హైవోల్టేజి కేబుళ్లు ఉంటాయి. శిక్షణ లేనివాడు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఆవిరి పోయినప్పుడు బాయిలర్ పనివాళ్ల విద్య ఈ ఊళ్లో ఇలాగే పోయింది. ఫైర్‌మేన్లు డీజిల్ బండ్ల మీద అసిస్టెంట్లయ్యారు. రైల్వే తన మనుషులకు కొత్త పని నేర్పింది. ఇందా, ఝాపేటాపూర్ రోడ్ల పక్క మెకానిక్కులకు ఆ శిక్షణ ఎవరు ఇస్తారు? కార్ల కంపెనీలు సర్వీసు సెంటర్లు కడుతున్నాయి గాని రోడ్డు పక్క చేతుల గురించి ఆలోచించడం లేదు. ఈ ఒక్క విషయంలో నా మనసు ఇంకా కుదుటపడలేదు.

పర్యావరణం పేరు చెప్పి కరెంటు కారును పొగిడేవాళ్లకు ఒక మాట. ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే దారిలో, రూప్‌నారాయణ్ ఒడ్డున, కోలాఘాట్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. ఒక్కొక్కటి 210 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లుగా కట్టారు. నిప్పు ఇంజనులోంచి పోయి అక్కడికి చేరింది. బొగ్గు కరెంటే వాడినంతకాలం చిన్న పెట్రోలు కారుతో పోలిస్తే మొత్తం కాలుష్యంలో తేడా పెద్దగా ఉండదు. సౌర విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ ఆ తేడా పెరుగుతుంది. వెంటనే దొరికే లాభం మాత్రం ఖాయం: గోల్ బజారులో రోజంతా దుకాణం ముందు కూర్చునే మనిషి ముక్కులోకి నా బండి పొగ పోదు. నాకు ఈ కారణం చాలు, ఇంతకన్నా పెద్దది చెప్పడం నిజాయితీ కాదు.

చివరగా బరువు. హెరాల్డ్ ఎనిమిది వందల కిలోల చుట్టూ ఉండేది. దాని హాయి అంతా ఆ తేలికదనంలో ఉంది. 2008లో టెస్లా మొదటి రోడ్‌స్టర్‌ను లోటస్ ఎలీజ్ ఆధారంగానే కట్టింది. ఎలీజ్ 900 కిలోలకు అటూ ఇటూ ఉంటే రోడ్‌స్టర్ 1,200 దాటింది. 2025లో మన దేశానికి వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ కరెంటు స్పోర్ట్స్ కారు. 77 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 510 హార్స్‌పవర్, మూడున్నర సెకన్ల లోపే వంద, బరువు రెండు టన్నులకు దగ్గర, విడుదల నాటి ధర డెబ్భై లక్షల పైన. ఎంజీ ఒకప్పుడు చిన్న, తేలిక బండ్లకు పేరు. ఈ బండి ఆ వారసత్వాన్ని కొనసాగించలేదని నా అభిప్రాయం. పేరు లేని టియాగోయే హెరాల్డ్‌కు దగ్గర బంధువు: చిన్నది, మితమైనది, కాలు ఎత్తడంలో నేర్పు అడిగేది. దాని ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు మాత్రం చేతికి ఏమీ చెప్పదు. అక్కడ అది హెరాల్డ్ ముందు నిలవదు.

నాకు కావలసిన బండి ఇంకా ఎవరూ చెయ్యలేదు. ఇద్దరు కూర్చునే సీట్లు, 25 కిలోవాట్ అవర్లు దాటని బ్యాటరీ, వెయ్యి కిలోలకు లోపు బరువు, పవర్ సాయం లేని స్టీరింగు, స్టీరింగు పక్కన లోకో హ్యాండిల్ లాంటి చిన్న పిడితో రీజెన్ బలాన్ని మలుపు మలుపుకూ మార్చుకునే వీలు. మా ఊరి ఐఐటీలో పిల్లలు ఫార్ములా స్టూడెంట్ పోటీలకు కార్లు కడతారు. ఆ పోటీల్లో ఎలక్ట్రిక్ విభాగం ఉంది, శక్తికి 80 కిలోవాట్ల హద్దు ఉంది, కాబట్టి గెలవాలంటే తేలికదనం మీదే దృష్టి పెట్టాలి. ఇలాంటి బండి మీద పని మొదలుపెట్టే వర్క్‌షాపు ఏదైనా ఉంటే, నా హెరాల్డ్‌ను చూసుకోవడానికి, కావాలంటే విప్పి కొలతలు తీసుకోవడానికి, వాళ్లకు ఇస్తాను.