ప్రభువు కళాపోషణ – బానిస ఒంటిమీది వాత

ప్రభువుల జీవితచరిత్ర చేతికొచ్చినప్పుడు మనం ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: రాయించిన వాడెవడు? 1637 నుండి 1644 దాకా డచ్చి వెస్టిండియా కంపెనీ తరఫున ఈశాన్య బ్రెజిల్‌ను ఏలిన నాసౌ వంశపు కౌంటు యోహాన్ మారిట్స్ సహనశీలి, కళాపోషకుడు అనే కీర్తికి మూలం బార్లేయస్ 1647లో లాటిన్‌లో ప్రచురించిన గ్రంథం. దాన్ని రాయించినవాడు మారిట్సే. మన ప్రబంధాలలో షష్ఠ్యంతాలు నాలుగైదు పద్యాలతో ముగుస్తాయి. ఇక్కడ గ్రంథమంతా షష్ఠ్యంతాలే!

ఆ సుగుణాలు కట్టుకథలని నేననను. రెసీఫె నగరంలో యూదులు ప్రార్థనాలయం నడుపుకున్నారు. పీసో, మార్క్‌గ్రాఫ్‌ల శ్రమ 1648లో బ్రెజిల్ ప్రకృతిచరిత్రగా వెలువడింది. కానీ వీటన్నిటికీ ఖర్చు ఎక్కడిది? చెరకు తోటలది. బానిసలు లేనిదే బ్రెజిల్‌లో ఏ పనీ సాగదని మారిట్సే 1638లో కంపెనీకి నివేదించాడు. అంతకు ముందే, 1637లో, ఆఫ్రికా తీరాన ఎల్మీనా కోటను పట్టించాడు, 1641లో లువాండాను. ఆ ఏళ్ళలో ఇరవై వేలకు పైగా ఆఫ్రికన్లను సముద్రం దాటించారు.

విమర్శకుడు నిలిచి చూడవలసిన చోటు మరొకటుంది. మారిట్స్ ఆస్థాన చిత్రకారుడు ఎక్‌హౌట్ 1641లో ఒక ఆఫ్రికన్ స్త్రీని నిలువెత్తున చిత్రించాడు. చేతిలో పళ్ళబుట్ట, మెడలో పూసలు, పక్కన బిడ్డ. చూడ ముచ్చటైన బొమ్మ. కంపెనీ ఉద్యోగి వాగెనర్ తన పుస్తకంలో గీసుకున్న అదే స్త్రీ రొమ్ముపైన మాత్రం కిరీటం కింద మారిట్స్ పేరు తొలి అక్షరం వాతగా కనిపిస్తుంది. రాజులకు బహుమతిగా వెళ్ళిన వర్ణచిత్రంలో ఆ వాత లేదు. శిల్పం వస్తువును ఎలా కడిగేస్తుందో విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

హేగ్‌లో అతని భవనమే నేడు మ్యూజియం. 2017లో అక్కడి ప్రవేశశాల నుండి అతని విగ్రహ నకలును తీసివేస్తే, చరిత్రను చెరిపేస్తున్నారని గగ్గోలు పుట్టింది. ఆ వాతను చెరిపిన నాడు ఎవరూ గగ్గోలు పెట్టలేదు.

బార్లేయస్‌కు న్యాయం చేయాలి. క్రైస్తవులు సైతం లాభానికి మనుషుల్ని కొని అమ్మే ఆచారానికి దిగజారారని అతడొకచోట నొచ్చుకున్నాడు. అయితే ఆ నొప్పి కథానాయకుడి దాకా పోదు. పారిపోయిన బానిసలు అడవిలో కట్టుకున్న పాల్మారెస్ కూడా అతని గ్రంథంలో దాడి చేయవలసిన స్థలంగానే వస్తుంది. 1644లో డచ్చి దండు దానిమీద పడింది. పాల్మారెస్ మాత్రం 1694 దాకా నిలిచింది. డచ్చివారు 1654లోనే బ్రెజిల్ వదిలారు.