గాజుపోగును అతికే చేతులు

గార్ల లాంటి ఊళ్లో ఇంటర్నెట్ ఫైబర్ తెగిందంటే రావలసింది స్ప్లైసింగ్, అంటే పోగులను అతికే పని, చేసే మనిషే. ఆయన కేబుల్ తొడుగు ఒలిచి, గాజుపోగు మీది పూత తీసి, స్పిరిట్‌తో తుడుస్తాడు. క్లీవర్‌తో చివర్లు తిన్నగా కోసి మెషీన్‌లో ఎదురెదురుగా పెడతాడు. పోగు మందం 125 మైక్రాన్లు. వెలుగు నడిచే లోపలి భాగం సుమారు 9 మైక్రాన్లే. విద్యుత్ మెరుపు ఆ రెండు చివర్లనూ కరిగించి ఒకటి చేస్తుంది. దుమ్ము పడినా, కోత వాలినా పని మళ్లీ మొదటికే. ఇంత ఓర్పు, ఇంత శుభ్రత ఎండలో, రోడ్డు పక్కన కూర్చుని చూపడం గొప్ప విద్య.

అలా అతికిన దారిలో వచ్చే వెలుగును ఇంటి పెట్టెలోని ఫోటోడయోడ్ కరెంటుగా మారుస్తుంది. ఆ జాతిలోనే మహావేగమైన వాటిలో ఒకటి 1997లో జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధకులు ప్రకటించిన యూటీసీ ఫోటోడయోడ్. 1550 నానోమీటర్ల దగ్గర, 2.4 నానోమీటర్ల తేడాతో రెండు లేజర్లను కలిపి దాని మీదికి పంపితే, కరెంటు సెకనుకు సుమారు 30 వేల కోట్ల సార్లు ఊగుతుంది. ఆ డయోడ్‌కు కలిపిన యాంటెన్నా నుంచి 0.3 టెరాహెర్ట్జ్ తరంగం వెలువడుతుంది. అక్కడా లేజర్ వెలుగును డయోడ్ దాకా తెచ్చేది సాధారణంగా ఇలాంటి గాజుపోగే. అందుకే స్ప్లైసింగ్ పనివాడికి మన ఊళ్లలో ఇంజినీరుతో సమానమైన గౌరవం దక్కాలి.