వయసుకూ కులముంది

పల్లెల్లో పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ ఈ దృశ్యం కొత్త కాదు. అరుగు మీద ఆరేడేళ్ళ పెద్దింటి పిల్లాడు కూచునుంటాడు. దారిన పోతున్న మాదిగ ముసలాయన్ని "ఒరే, ఇట్రా" అని పిలుస్తాడు. అరవై ఏళ్ళాయన తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని "ఏం బాబుగారూ" అంటాడు. ఆయన మనవడూ అదే ఈడువాడు. వాడు అప్పటికే ఆ ఇంటి గొడ్లు తోలుకుని పోయుంటాడు. ఈ ముగ్గురిలో పిల్లాడెవడు, పెద్దవాడెవడు?

ఈ ప్రశ్నకి పంచాంగం జవాబు చెప్పదు, కులం చెప్తుంది. మన సమాజంలో వయసు అనేది ఏళ్ళ లెక్క కాదు. అది ఒక హోదా. పెద్దరికం అగ్రకులానికి పుట్టుకతోనే వస్తుంది, దళితుడికి చచ్చేదాకా రాదు. పసితనం అగ్రకులం పిల్లవాడికి పెళ్ళీడు దాకా సాగుతుంది, దళిత పిల్లవాడికి నడక రాగానే అయిపోతుంది. వయసు వివక్ష మీద రాసేవాళ్ళు చాలామంది పెద్దలకీ పిల్లలకీ మధ్య తగాదాగానే దాన్ని చూస్తారు. అది సగం నిజం. పెద్ద ఎవరు, పిల్ల ఎవరు అని తేల్చే హక్కు ఎవరి చేతుల్లో ఉందన్నది మిగతా సగం.

పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో రాసిన ప్రతిజ్ఞను దేశమంతా బళ్ళల్లో చెప్పిస్తున్నారు. రాసింది నల్లగొండ జిల్లా మనిషి, తెలుగువాడు. పెద్దలందరినీ గౌరవిస్తామని పిల్లలు అందులో మాట ఇస్తారు. మంచి మాటే. కానీ వాడ నుంచి వచ్చిన పిల్లవాడు చెయ్యి చాచి ఆ మాట చెప్పేటప్పుడు వాడి తాత ఆ "పెద్దలందరి"లో ఉన్నాడా? ప్రతిజ్ఞ అయిపోయాక చీపురు పట్టేది ఎవరు, నీళ్ళు తెచ్చేది ఎవరు అని చూస్తే జవాబు దొరుకుతుంది. ఓంప్రకాశ్ వాల్మీకి హిందీలో రాసిన స్వీయచరిత్ర 'జూఠన్' 1997లో వచ్చింది. హెడ్మాస్టరు తరగతిలో కూచోనీకుండా రోజుల తరబడి తనచేత బడంతా ఊడ్పించిన సంగతి అందులో చెప్పాడు. వాల్మీకిని బడిలో చేర్చుకున్నది విద్యార్థిగానే. పని చేయించింది మాత్రం వాడి కులం వాడిగా.

అంబేద్కర్ తన చిన్నతనం గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో చెప్పుకున్నాడు. అప్పుడాయనకి తొమ్మిదేళ్ళు. తండ్రి ఉద్యోగం చేసే ఊరికి అన్నతోనూ అక్క కొడుకుతోనూ రైల్లో బయల్దేరాడు. స్టేషన్లో దిగాక తీసుకుపోయే మనిషి రాలేదు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలు ఒంటరిగా నిలబడుంటే స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి మీరెవరని అడిగాడు. మహార్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ఆ తర్వాత బండివాళ్ళెవరూ రాలేదు. రెట్టింపు బాడుగ ఇస్తామన్నాక ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకుంటే తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. దారిలో తాగడానికి నీళ్ళు పుట్టలేదు. తెచ్చుకున్న తిండి తినలేకపోయారు.

ఈ సంఘటనని అంటరానితనానికి ఉదాహరణగా మనం చాలాసార్లు చెప్పుకున్నాం. నేను చూడమనేది స్టేషన్ మాస్టరు ముఖాన్ని. కులం తెలియనంత సేపూ ఆయన ముందున్నది పిల్లలు. తెలిసిన క్షణాన వాళ్ళ పసితనం రద్దయింది. ఆ పిల్లలు రెట్టింపు బాడుగకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లల మీద జాలి పుట్టింది, పుట్టి చచ్చిపోయింది. అంటే జాలి కూడా కులం అడిగాకే పుట్టాలన్న మాట.

మన తెలుగు సాహిత్యం ఏం చేసింది? ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' మనందరినీ నవ్వించింది. అందులో అల్లరి ఉంది, ప్రైవేటు మేష్టార్ని ఏడిపించడం ఉంది. చదువు ఎగ్గొట్టడం అక్కడ ముచ్చట. ఎందుకంటే ఎగ్గొట్టినా ఆ చదువు ఎక్కడికీ పోదు. వాడలో పిల్లవాడు బడి ఎగ్గొడితే ఆ సాయంత్రమే వాణ్ణి జీతానికి కుదుర్చుతారు. బుడుగు గొప్ప పిల్లవాడే, నాకు వాడి మీద కోపం లేదు. కానీ ఒక ఇంటి బాల్యాన్ని తీసుకొచ్చి "తెలుగు బాల్యం" అని బోర్డు కట్టిన విమర్శకుల మీద ఉంది. మన పిల్లలు ఆ పుస్తకం చదివి నవ్వారు. ఆ ఇళ్ళల్లో పిల్లలు మన పిల్లల గురించి ఏ పుస్తకం చదివి ఏడ్చారు, ఏది చదివి నవ్వారు?

బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఇంకో దారి పట్టింది. జీతానికున్న కుర్రవాడు చదువుకుని అధికారిగా ఎదుగుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రులున్నారు. ఆ మేలు మరిచిపోయేది కాదు. అయినా ఒక మాట అనాలి. చదువుకుంటే ఏమవుతాడో చూపించి పాలేరు పిల్లవాడి విలువ పెంచాం. మరి అధికారి కాని వాడి సంగతేంటి? తెలివి తక్కువైనా, పరీక్ష తప్పినా పిల్లవాడు పిల్లవాడే. అగ్రకులం పిల్లవాడు పిల్లవాడిగా ఉండటానికి ఏ అర్హతా చూపించక్కర్లేదు. మనవాడు మాత్రం రేపటి కలెక్టరునని రుజువు చేసుకుంటేనే ఇవాళ పిల్లవాడు కావాలా?

జాషువా 'శిశువు' ఖండిక ఇక్కడ గుర్తుకొస్తుంది. అప్పుడే లోకంలోకొచ్చిన పసిగుడ్డుని చూసి ఆశ్చర్యపోయాడాయన. కులం పేరుతో అడుగడుగునా అవమానాలు తిన్న కవి, ఆ శిశువుకి కులం పెట్టలేదు. దీన్ని కొందరు 'మానవతావాదం' అని మెచ్చుకుని వదిలేశారు. నాకది హక్కు అడగడంగా కనిపిస్తుంది. ఏమీ రుజువు చెయ్యకుండా, ఏదీ సాధించకుండా, ఊరికే శిశువుగా ఉండే హక్కు.

ఇక చట్టం దగ్గరికొద్దాం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదని రాజ్యాంగం 24వ అధికరణం చెప్పింది. పొలం సంగతి చెప్పలేదు. మన పిల్లలుండేది పొలాల్లోనే. 1948 కనీస వేతనాల చట్టమైతే పెద్దలకి ఒక రేటు, పిల్లలకి ఇంకో రేటు పెట్టుకోవడానికి వీలిచ్చింది. మనిషి చిన్నవాడైతే కూలీ కూడా చిన్నదే. 1986 బాలకార్మిక చట్టం కొన్ని పనుల్నే నిషేధించింది. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే పిల్లలు 16 లక్షల పైచిలుకు తేలారు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఆ రోజుల్లోనే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని వాదించారు. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అనే తేడాని వాళ్ళు ఒప్పుకోలేదు. "పేదవాళ్ళు పిల్లల్ని పంపరండీ" అనే మాట అబద్ధమని ఊరూరా చూపించారు.

2016లో చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఏ పనీ చెయ్యకూడదన్నారు. సంతోషం. వెంటనే, బడి వేళలయ్యాకా సెలవుల్లోనూ కుటుంబానికీ కుటుంబ వృత్తికీ సాయపడొచ్చని కిటికీ తెరిచారు. కుటుంబ వృత్తి అంటే ఏంటి? ఈ దేశంలో కులానికి ఇంకో పేరు. డాక్టరు కొడుకు సెలవుల్లో ఆపరేషన్ చెయ్యడు. తోలు పని చేసేవాడి కొడుకు, ఇటుక బట్టీకి వలసపోయిన వాళ్ళ కూతురు మాత్రమే "సాయపడతారు". విద్యాహక్కు చట్టం పద్నాలుగు దగ్గర ఆగిపోతుంది. పద్నాలుగు నిండిన మర్నాటి నుంచి ప్రమాదకరమని రాసిన జాబితాలో లేని ఏ పనిలోనైనా పెట్టొచ్చు. మన పిల్లలకి ఆ పుట్టినరోజు కూడా చాలాసార్లు బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచిన తారీఖు వేసిందే. తల్లికి తెలిసింది దివిసీమ ఉప్పెన ఏడాది పుట్టాడనో, కరువొచ్చిన ఏడనో. ఎవరో వేసిన తారీఖు మీద వాడి బాల్యం మొదలై, ఎవరో గీసిన గీత దగ్గర అయిపోతుంది.

ఆడపిల్లల కథ ఇంకా చేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం పూలకి క్రాసింగ్ చేసే పనిలో ఏళ్ళ తరబడి చిన్నపిల్లల్నే పెట్టారు. అందులో ఎక్కువమంది ఆడపిల్లలు. వాళ్ళ వేళ్ళు చిన్నవి, పని నేర్పుగా చేస్తారని చెప్పారు. నిజానికి చిన్నది వేళ్ళు కాదు, కూలీ. అమ్మానాన్నలకి అడ్వాన్సు ముందే ఇచ్చేవాళ్ళు. ఇక జోగిని సంగతి. 1988లో రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది. గోగు శ్యామల కథల్లో ఒక తండ్రి కూతుర్ని జోగినిగా విడవమన్న ఊరిపెద్దల మాట కాదని హాస్టల్లో చేర్చడానికి తీసుకుపోతాడు. ఆ కథని తండ్రి త్యాగంగా చదివితే సరిపోదు. దళిత ఆడపిల్ల ఈడేరకముందే ఊరు ఆమెను "ఆడది"గా చూస్తుంది. తండ్రి కొట్లాట ఆమెను ఇంకొన్నేళ్ళు పిల్లగా ఉండనివ్వడం కోసం.

కుర్రతనానికీ ఇదే లెక్క. కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు దగ్గర, మురికి చెయ్యొద్దని అడిగినందుకు. చుండూరులో 1991 ఊచకోతకి ముందు సినిమాహాల్లో దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవ ఉంది. పెద్దింటి కుర్రాడు తప్పు చేస్తే "కుర్రతనం, పోనీండి" అంటారు. మనవాడు ఇస్త్రీ చొక్కా వేసినా, బెంచీలో కూచున్నా "పొగరు" అంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, పదహారు దాటిన పిల్లవాడు ఘోరనేరం చేశాడంటే, వాడి మానసిక శక్తిని అంచనా వేసి పెద్దవాళ్ళలాగే విచారించే దారి తెరిచింది. ఎనిమిదో ఏట నుంచీ బరువులు మోసినవాడు పదహారేళ్ళకి ఎవరి కంటికి పిల్లవాడిలా కనిపిస్తాడు? కాయలు కాసిన వాడి చేతులే వాడి మీద సాక్ష్యం చెప్పవా?

ఇంతవరకూ వేలు వాళ్ళవైపు చూపించాం. ఇప్పుడు మనవైపు. మన సభల్లో కుర్రవాళ్ళు జెండాలు కడతారు, గోడల మీద రాస్తారు, జంపఖానాలు పరుస్తారు. మైకు దగ్గరికి వచ్చేసరికి "నువ్వు చిన్నోడివి, కూచో" అంటాం. అమ్మాయిలకైతే ఆ మాట కూడా అనం, పిలవనే పిలవం. ఊళ్ళో దొర మనల్ని "ఒరే" అన్నాడని మండిపడ్డ మనమే ఇంట్లో మన పిల్లల్ని కర్ర తీసుకుని కొడతాం. కొట్టకపోతే చదువు రాదంటాం. బయట దక్కని పెద్దరికాన్ని ఇంట్లో పిల్లల వీపుల మీద వసూలు చేసుకుంటున్నామా? ఇది మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న. మనువు నేర్పిన నిచ్చెనలో వయసు కూడా ఒక మెట్టే. దాని మీద నిలబడి కులం నిచ్చెన విరగ్గొట్టలేం.

కాబట్టి పిల్లల హక్కులంటే బిస్కెట్లు పంచే నవంబరు పండగ కాదు. పద్దెనిమిది దాకా చదువు హక్కు కావాలి. "కుటుంబ వృత్తి" అన్న కిటికీ మూయాలి. ఒకే పనికి ఒకే కూలీ అన్నది వయసుకీ వర్తించాలి. పాఠ్యపుస్తకంలో పసులు కాసిన పిల్లవాడి తెలివీ, వాడి నవ్వూ ఉండాలి, వాడి దైన్యం ఒక్కటే కాదు. మన సంఘాల్లో ఇరవై లోపు వాళ్ళకి మాట ఉండాలి, ఓటుండాలి.

అరుగు మీద పిల్లవాడు "ఒరే" అన్నప్పుడు, ఆ ముసలాయన తలగుడ్డ తియ్యకుండా "ఏరా అబ్బాయ్, తాతా అని పిలువు" అనగలిగే రోజు రావాలి. ఆ రోజు ఆయన మనవడు గొడ్ల వెంట కాదు, బడిలో ఉండాలి. ఆ రెండూ వేరు వేరు కోరికలు కావు.