'బిరుదు' శబ్దార్థ విచారము – రేనాటి శాసనములు

నేటి తెలుగున 'బిరుదు' అనగా పేరునకు ముందో వెనుకనో చేర్చెడి గౌరవపదము. సభలో చదివి, పత్రముపై వ్రాసి యిచ్చునది. ఈ యర్థమునే ప్రాచీన శాసనములకును అన్వయించి, రాజుల పేళ్లతో కానవచ్చు ప్రతి విశేషణమును బిరుదుల పట్టికలో చేర్చుట మన పరిశోధనలలో పరిపాటి యైనది. ఈ పద్ధతి యెంతవరకు సమంజసమో పరిశీలింతము.

పూర్వము బిరుదు చెవికి వినబడు మాట మాత్రమే కాదు, కంటికి కనబడు వస్తువు కూడ. 'బిరుదు పెండేరము', 'బిరుదు టెక్కెము' వంటి సమాసములు ఇందుకు సాక్ష్యములని చెప్పవచ్చును. కాని వానిని 'బిరుదును సూచించు పెండేరము' అనియు విగ్రహింప వీలగుటచే అవి యొంటిగా నిర్ణాయకములు కావు. తమిళమున 'విరుదు' శబ్దమునకు జెండా, గెలుపుగుర్తు, గౌరవనామము అను అర్థములు కలవు. నేడు ఆ భాషలో పురస్కారమునకును అదియే పేరు. వస్తువాచకమైన యర్థము ఈ శబ్దమునకు పరాయిది కాదనుటకు ఇది బలమైన యాధారము.

ఆచారమును బట్టి చూచినను ఇదియే తోచును. ప్రౌఢదేవరాయల యాస్థానమున శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించెనని ప్రసిద్ధి. ఓడినవానిని ఆ పేరిట పిలువకున్న చాలదా? ఢక్కను పగులగొట్టనేల? డిండిమ మనగా ఢక్కయే. పేరునకు వస్తువు పూచీ. వస్తువు పోయిన పేరు నిలువదు. ఇచట 'బిరుదు' శబ్దప్రయోగమును మేము చూపుట లేదు, దాని వెనుకనున్న వ్యవస్థను చూపుచున్నాము. బిరుదు ఒక సవాలు. దానిని ధరించినవాడు దానిని కాపాడుకొనవలెను. గెలిచినవాడు దానిని హరింపవచ్చును.

ఇక రేనాటికి వత్తము. కడప జిల్లాలోని కలమళ్ల శాసనము లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతము నాటిదని పండితులు నిర్ణయించిరి. అందు పేర్కొనబడిన 'చిఱుంబూరు' నేటి చిలమకూరే యని తలచుచున్నారు. ఆ శాసనమున ధనంజయుడు 'ముతురాజు'. ఇందుకూరు శాసనమున దాత 'ఎరికల్ దుగరాజు'. 'దుగరాజు' అనునది 'యువరాజ' శబ్దభవము. ఒకటి పెద్దరాజును, వేరొకటి చిన్నరాజును తెల్పుచు ఈ రెండును పరస్పరాపేక్షకములై యున్నవి. ఇవి వంశక్రమమున వచ్చునవే కాని, ఎదిరి యోడించి కైకొనునవి కావు. చిలమకూరు శాసనములోని విక్రమాదిత్యుని 'చోళమహారాజు' శబ్దమును వంశమును, పదవిని తెల్పునదే. కావున వీనిని బిరుదులనుట తగదు.

మాలేపాడు తామ్రశాసనమున పుణ్యకుమారునికి గల 'పోర్ముఖరామ', 'పురుషశార్దూల' నామముల తీరు వేరు. ఇవి శౌర్యమును చాటి ఎదిరిని పిలుచునవి గనుక బిరుదు లక్షణమునకు సరిపోవును. మరి ఆ శాసనమందే గల 'మార్దవచిత్త', 'మదనవిలాస' శబ్దముల మాట యేమి? అవి స్తుతులే కాని సవాళ్లు కావు. మా లక్షణమునకు అవి లొంగవని యొప్పుకొనవలసినదే. వానిని కూడ బిరుదులనుటలో శబ్దార్థము అప్పటికే సడలినదని చెప్పుటకంటె, వానిని ప్రశస్తులుగా వేరుపరచుట మేలని మా యభిప్రాయము.

ఇది పేళ్లను గూర్చిన పట్టుదల మాత్రము కాదు. ముతురాజు, దుగరాజు శబ్దములను బిరుదులుగా గ్రహించినచో, ఒకే కుటుంబమున పెద్దయు పిన్నయు పాలనము పంచుకొనిన తీరు మన కంటబడకుండ పోవును. ఏడెనిమిది పంక్తుల శాసనములే యాధారముగా గల రేనాటి చరిత్రకు ఈ నష్టము చిన్నది కాదు. కావున శాసనములను పట్టికలుగా కూర్చు పరిశోధక విద్యార్థులు పదవి, బిరుదు, ప్రశస్తి అని మూడు వరుసలు గీసికొనవలెనని మా మనవి. ఏ వరుసకును చెందనిదానిని బలిమిని చేర్చుటకంటె, నాలుగవ వరుసను ఖాళీగా నుంచుట శాస్త్రమునకు హితము.