తెలుగు బ్లాగు సాహిత్యం – ఆశ్రయ వేదిక, పాఠ స్థిరత్వం

తాళపత్రం వలెనే జాలపాఠమూ నశిస్తుంది. కాబట్టి బ్లాగు సాహిత్య విమర్శ వస్తుశిల్పాలతోపాటు రచనకు ఆశ్రయమిచ్చిన వేదికనూ పరిశీలించాలి. బ్లాగర్‌లో రాసి సొంత సర్వరులో ప్రచురించుకునే ఎఫ్‌టీపీ సౌకర్యాన్ని గూగుల్ 2010 మేలో నిలిపివేసింది. రచన రచయితదే, ప్రచురణ సాధనం మాత్రం సంస్థది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దానికి వీలు కల్పించే ఏ హోస్టింగులోనైనా స్థాపించుకోవచ్చు. టపాలను, వ్యాఖ్యలను మరోచోటికి తరలించవచ్చు. అయితే హోస్టింగు అద్దె ఆగితే ఆ స్వేచ్ఛా నిలవదు. 1998లో అమెరికా తెలుగువారు ప్రారంభించిన ‘ఈమాట’ పాత సంచికలు నేటికీ లభించడంలో సాంకేతికతతోపాటు నిర్వాహకుల శ్రద్ధకూ పాత్ర ఉంది. ఇచ్చోడ వంటి చోట పరిశోధకునికి జాలపత్రికే గ్రంథాలయం. అందువల్ల బ్లాగు రచనను ఉదాహరించేటప్పుడు చిరునామాతోపాటు చూసిన తేదీని పేర్కొని, ప్రతిని భద్రపరచడం పరిశోధన ధర్మం.