వేంగీదేశము: పరదేశి చూపు

దెందులూరు, పెదవేగి గ్రామముల చెంతనున్న దిబ్బలలో ప్రాత యిటుకలును, విఱిగిన శిలలును నేటికిని కానవచ్చును. ఒకప్పటి వేంగీనగరమునకు మిగిలిన యానవాళ్ళివి. ఏడవ శతాబ్దిలో ఈ నేలకు వచ్చిన చీనా భిక్షువు హుయాన్‌త్సాంగు తాను చూచినదానిని వ్రాసిపెట్టెను. అతడు పెక్కేండ్లు పరదేశములలో మసలి, 645లో స్వదేశము చేరి, మఱుసటి యేట తన గ్రంథమును చక్రవర్తికి సమర్పించెను. 1884లో బీల్, 1904-05లో వాటర్సు ప్రకటించిన యాంగ్ల గ్రంథముల మూలమున నది మనకందినది. అందలి యాంధ్రదేశ ఘట్టమును చదువరులతో గూడి పరిశీలింపదలచితిమి.

ఘట్టము మిక్కిలి చిన్నది. దేశము చుట్టుకొలత 3000 లీలనియు, రాజధాని చుట్టుకొలత 20 లీలకు పైబడినదనియు అతడు చెప్పెను. ఆ రాజధాని వేంగియేయని పండితులు పెక్కురు నిర్ణయించిరి. నేల సారవంతము, గాలి వేడియు తేమయు గలది. సంఘారామములు 20కి పైగా, భిక్షువులు 3000కు పైగా, దేవాలయములు 30కి పైగా నున్నవి. ప్రజలు ఉగ్రస్వభావులు. వారి మాట మధ్యదేశపు మాటకంటె వేఱు. లిపి మాత్ర మొకటియే.

భాష వేఱని గుర్తించుట ఈ గ్రంథమునందలి గొప్ప మేలు. అప్పటికి కలమళ్ళ తెలుగు శాసనము వెలసి నూఱేండ్లయినను నిండలేదు. నన్నయ రచనకు ఇంకను నాలుగు శతాబ్దము లున్నవి. అట్టి కాలమున, పరదేశి చెవి మన నుడి ప్రత్యేకతను పట్టుకొన్నది. లిపి విషయమున మాత్రము అతని మాట స్థూలము. మూలమొకటియే యైనను, వేంగి లిపి అంతకుముందే తనదైన రూపు దిద్దుకొన్నది. చెవి పట్టినంత సూక్ష్మముగా కన్ను పట్టలేదని మా యభిప్రాయము.

ఇక “ఉగ్రస్వభావులు” అను మాట. దీనిని విని కొందఱు కోపింతురు, కొందఱు పౌరుషమని మురియుదురు. రెండును తొందరపాటే. 634 నాటి ఐహొళె శాసనము, పులకేశి యుద్ధమున కునాళ సరస్సు నీరు నెత్తుటితో నెఱ్ఱవాఱెనని వర్ణించినది. ఆ సరస్సు మన కొల్లేరేయని చరిత్రకారుల యూహ. ఆ యుద్ధమునకు పిమ్మట ఎంతో కాలము గడవకమున్నే అతడిచ్చటికి వచ్చెను. కత్తికి నోర్చిన జనులు క్రొత్తవానిని చిఱునవ్వుతో నెదుర్కొందురా? గాయమును చూచి స్వభావమని వ్రాసెనేమో యని మాకు తోచుచున్నది.

అతడు వ్రాయనిది మఱింత గమనింపదగినది. క్రొత్తగా నెలకొన్న చాళుక్యరాజు పేరు లేదు, కొల్లేరు లేదు, చేపలు పట్టువాడు లేడు, వరి నాటు స్త్రీ లేదు. భిక్షువు విహారములను వెదకుచు వచ్చెను, విహారములనే చూచెను. అందుకతనిని నిందింపనేల? మన శాసనములను తిరుగవేయుడు. రాజుల వంశావళులు, దానము లందుకొన్నవారి గోత్రములు తప్పక యుండును. ఆ దానభూమిని దున్నినవాని పేరు వెదకినను దొరకుట యరుదు. పరదేశి కొన్నాళ్ళు చూచి మఱచినవారిని మనము తరతరములుగా చూచుచు మఱచితిమి. ఏది పెద్ద దోషము?

రాజధానికి చేరువనున్న యొక కొండపై దిఙ్నాగాచార్యుడు హేతువిద్యాగ్రంథము రచించెనని హుయాన్‌త్సాంగు భక్తితో చెప్పెను. హేతువు పక్షమున నుండవలెను, సపక్షమున నుండవలెను, విపక్షమున నుండరాదు అని ఆ యాచార్యుని బోధ. ఎవరు మెచ్చిరి, ఎవరు దూఱిరి యనుటకంటె, దేనివలన నట్లనిరి యని యడుగుటయే ఆ కొండకు మనము చేయు నమస్కారము. మన ప్రశంసకులను మున్ముందుగా నట్లడుగుదము. పిదప మన యింటి దస్తావేజులను, అందు చోటు దొరకని మన యింటివారిని గూర్చియు నట్లే యడుగుదము.